నాయన ఇంజనుకు అమ్మ రోజాలు

గుంతకల్లు రైల్వే కాలనీలో పూలచెట్టు లేని ఇల్లు ఉండేది కాదు. కానీ తోట అని పిలవదగ్గది మా ఒక్క ఇంట్లోనే ఉండేది. గొప్పలు చెప్పుకుంటున్నావా అంటే, అవును, గొప్పలే. నా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మా అమ్మ తోట గురించి చెప్పుకునే హక్కు మాత్రం నాకు ఉంది.

ఇంటి ముందు ఇరవై రెండు రోజా చెట్లు. గులాబీ అనే మాట నాకు బళ్ళో వాచకంలో తప్ప తెలియదు, మా వైపు అన్నీ రోజాలే. నల్లగా కనిపించేంత ఎర్రవి, పసుపువి, గుత్తులుగా పూసే బొత్తాం రోజాలు, వీధి మలుపులోనే వాసన తెలిసిపోయే పన్నీరు రోజాలు. వాటి పక్కన గుండుమల్లెలు, కనకాంబరాలు, నందివర్ధనం, నూరువరహాలు, గోడ వారన గన్నేర్లు. మార్చి నెల వచ్చి ఊరంతా ఎండి గోధుమరంగుకు తిరిగే వేళకు మా ఇంటి ముందు పూలు విరగబూసేవి. డ్యూటీకి పోయే గార్డులు, టికెట్ కలెక్టర్లు గేటు దగ్గర సైకిల్ ఆపి ఒక కాలు నేల మీద పెట్టి చూసి పోయేవారు. అమ్మ లోపలి నుంచి వాళ్ళను చూస్తూ చూడనట్టు బియ్యం ఏరుకునేది.

మాది వాన ఎగ్గొట్టి పోయే సీమ. కుళాయి రోజుకు ఒక గంట, చెడ్డ ఏడాదిలో రెండు రోజులకు ఒక గంట. మంచినీళ్ళు చెట్టుకు పోసే పాపం మా ఇంట్లో ఎవరూ చేయలేదు. అమ్మకు ఒక పద్ధతి ఉండేది. స్నానాల గది తూము నుంచి సన్న కాలువ తీసింది. ఎవరు స్నానానికి పోతే వాళ్ళ వంతు చెట్లకు ఆ కాలువను మట్టితో అడ్డుకట్టి మళ్ళించేది. నాయన స్నానం ఎర్ర రోజాలకు, పెద్దక్కది పసుపు వాటికి, చిన్నక్కది బొత్తాం రోజాలకు, నాది మల్లెలకు, అమ్మది పన్నీరు రోజాలకు. సబ్బు వారానికి ఒక్కరోజే, ఆ రోజు నీళ్ళన్నీ గన్నేర్లకు. మిగిలిన రోజుల్లో సున్నిపిండి. చుట్టాలొస్తే కాఫీ గ్లాసు కింద పెట్టకముందే స్నానం చేస్తారా అని అడిగేది. పాపం వాళ్ళు దాన్ని మర్యాద అనుకునేవారు.

నాయన ఆవిరి ఇంజను డ్రైవరు. గుంతకల్లు నుంచి ధర్మవరం పోయి వచ్చే ప్యాసింజరు బండి ఆయనది. మాట పొదుపు మనిషి. ఇంట్లో ఆయన ఉన్నాడని తెలియాలంటే బూట్లు చూడాలి, లేదా బొగ్గు వాసన పట్టాలి.

డెబ్బైల చివర్లో ఒక మార్చి ఆఖరు రోజుతో ఆయన సర్వీసు ముగియాలి. మా కాలనీలో డ్రైవరు రిటైరైతే ఆఖరి ట్రిప్పు నాడు అతని ఇంజనును పూలతో కడతారు. ఆ ముందు ఏడాది ఒక డ్రైవరుకు అలాగే కట్టారు. బజారు నుంచి బుట్టలో తెచ్చిన బంతిపూలు, అవి చాలక రంగుకాగితాలు. బండి షెడ్డు దాటకముందే బాయిలరు వేడికి పూలు వేలాడిపోయాయి, కాగితాల రంగు కారింది. చూడటానికి పోయిన ఆడవాళ్ళలో అమ్మ కూడా ఉంది. అందరూ వింటుండగా అనేసింది, మా ఆయన ఇంజనుకు బజారు పువ్వు ఒక్కటి కూడా ఎక్కదు, అన్నీ నా చెట్లవే అని. పక్కింటి గార్డుగారి భార్య, నేను అత్త అని పిలిచే ఆమె, మూర లెక్కన దొరికేదానికి ఇంత పంతమెందుకని నవ్వింది. అమ్మ నవ్వలేదు. అమ్మ నవ్వకపోతే ఆ మాట ఖాయమని మాకు తెలుసు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఇద్దరక్కలూ పెళ్ళిళ్ళయి పోయారు, అంటే తోటకు రెండు స్నానాలు తగ్గాయి. సంక్రాంతి పోయిన వెంటనే మడకశిరలో ఉన్న చిన్నక్కకు నెలలు నిండుతున్నాయని, బస్సులో కుదుపులు పనికిరావని డాక్టరమ్మ చెప్పిందని కబురొచ్చింది. పురిటికి అమ్మే అక్కడికి పోవలసి వచ్చింది. మూడు వారాలు. పోతూ పోతూ నన్ను ప్రతి చెట్టు దగ్గరికీ తిప్పి దేనికెన్ని చెంబులో చెప్పింది. అప్పుడు నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను, తెలివిగలదాన్నని నా గట్టి నమ్మకం.

ఇక ఇంట్లో నేనూ నాయనా. ఇద్దరి స్నానాలు ఇరవై రెండు రోజాలకు యాడ సరిపోతాయి? వారం తిరగకముందే ఆకులు ముడుచుకోవడం మొదలైంది. నేను రోజుకు రెండుసార్లు స్నానం చేసి చూశాను, కుళాయి నీళ్ళు తాగడానికే చాలలేదు. అప్పుడు నాయనకు ఒక ఆలోచన వచ్చింది. షెడ్డులో ఇంజను బాయిలరు నుంచి వేన్నీళ్ళు పట్టుకుని స్నానం చేయడం డ్రైవర్లందరికీ అలవాటు. ఎంత కరువైనా ఆ నీళ్ళకు కొదవ లేదు. నాయన డ్యూటీ దిగేటప్పుడు రెండు డబ్బాల నిండా పట్టి, సైకిల్‌కు కట్టుకుని తెచ్చాడు. చల్లారబెట్టి, పొద్దున ఇద్దరం చెంబులతో పోశాం. ముప్పై ఏళ్ళుగా తన ఒంటికి ఏమీ చేయని నీళ్ళు చెట్టుకేం చేస్తాయని ఆయన లెక్క. నాకూ సబబుగానే తోచింది. పది పన్నెండు రోజులు పోశాం. మొదట్లో చెట్లు తేరుకున్నట్టే కనిపించాయి. అమ్మ వచ్చి మమ్మల్ని మెచ్చుకుంటుందని నేను పడిన సంబరం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు.

ఆ తర్వాత ఆకుల అంచులు మాడాయి. తర్వాత ఆకులే రాలాయి. వచ్చిన మొగ్గలు విచ్చుకోకుండానే నల్లబడ్డాయి. పాదుల్లో మట్టి మీద తెల్లటి పొక్కు లేచింది. మేము అది ఎండ అనుకుని, ఇంకో చెంబు ఎక్కువ పోశాం.

ఫిబ్రవరి మొదటి వారం దాటాక అమ్మ మడకశిర నుంచి వచ్చింది. మనవడు పుట్టాడన్న సంతోషం గేటు దాకా ఉంది. గేటు తీసి అలాగే నిలబడిపోయింది. చేతిలో సంచి కింద పెట్టకుండానే ఎర్ర రోజా దగ్గర కూర్చుని, ఆ తెల్లటి పొక్కును వేలితో గీరి నాలుక మీద పెట్టుకుంది. ఉమ్మేసి, గడపలో నిలబడిన నాయన వైపు చూసింది.

"ఏం నీళ్ళు పోస్తిరి?"

"ఇంజను నీళ్ళు."

"దాంట్లో ఏం కలుపుతారు?"

నాయనకు ఆ క్షణంలోనే తట్టిందని ముఖం చూస్తే తెలిసింది. "సోడా మందు కలుపుతారు షెడ్డులో. బాయిలరు గొట్టాలకు పొక్కు పట్టకుండా."

బాయిలరుకు పట్టకూడదన్న పొక్కును తెచ్చి మేము చెట్ల వేళ్ళకు పట్టించాం. ఇంజను మనుషులు తప్ప లోకంలో ఇంకెవరూ చేయలేని తప్పు అది. అమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తొమ్మిది రోజులు నాయనతో మాట్లాడలేదు, అంతే. నాతో మాట్లాడింది కానీ ఆ మాటలు వినడం కంటే మౌనమే నయం.

మర్నాడే పని మొదలుపెట్టింది. ఆ సోడా కడిగేయాలంటే కుండపోతగా మంచినీళ్ళు కావాలి, అవి లేవు. అందుకని మట్టినే మార్చాలని తేల్చింది. ఊరి బయట చెరువు ఎండి పగుళ్ళు పట్టి ఉంది. చెరువెండిన ఏడాదికి అదొక్కటే లాభం, ఒండ్రుమట్టి ఎంత కావాలంటే అంత. ఒక్కో పాదునూ వేళ్ళు తెగకుండా మూరెడు లోతు తవ్వి, పాత మట్టి ఎత్తిపోసి, కొత్త మట్టి నింపాలి. ఆ మట్టిని మోసింది నాయన. ఎవరూ చెప్పలేదు. డ్యూటీ లేని రోజుల్లో గోనెసంచులు తీసుకుని, సైకిల్ మీద చెరువుకూ ఇంటికీ తిరిగాడు. రిటైరు కావలసిన మనిషి, నడుం పట్టేసుకుంటే తలుపుకు ఆనుకుని కాసేపు నిలబడి మళ్ళీ పోయేవాడు. అమ్మ చూసేది, మంచినీళ్ళ చెంబు అరుగు మీద పెట్టి లోపలికి పోయేది.

ఆ తర్వాత కత్తెర పట్టింది. రోజాను వానలు వెనకపట్టాక కత్తిరిస్తారు, ఎండలు వచ్చేటప్పుడు ఎవరూ ముట్టుకోరు. అమ్మ మాత్రం ప్రతి చెట్టునూ మోకాలెత్తుకు నరికేసి, కోసిన ప్రతి కొనకూ పేడముద్ద పెట్టింది. పైన గోనెపట్టలతో పందిరి వేసింది. చెనిక్కాయ చెక్కను, అంటే నూనె తీసేసిన వేరుశనగ పిండిని, కుండలో నానబెట్టి ఆ నీళ్ళు పోసింది. ఆ కంపుకు వీధిలో మా గేటు దగ్గర ఆగే సైకిళ్ళన్నీ వేగం పెంచాయి.

కాలనీ అంతా చూస్తోంది కదా. ఏమైందని అడగడం మొదలైంది. నాయన తెగులు పట్టిందని చెప్పాడు. ఒకరికి చెప్పాడు, ఇద్దరికి చెప్పాడు, ఇక అదే నిజమై కూర్చుంది. అంత పేరున్న డ్రైవరు బాయిలరు నీళ్ళు తెచ్చి చెట్లకు పోశాడంటే షెడ్డులో నవ్వుకుంటారని ఆయన భయం. అమ్మను అడిగితే అమ్మ కూడా తెగులే అంది. దానితో మాటంతా అమ్మ మీదికి మళ్ళింది. తెగులు సోకితే కనిపెట్టలేకపోయిందట, ఎండల్లో కత్తెర వేసి ఉన్న ప్రాణం కూడా తీసిందట, మాట విసిరినంత తేలిక కాదట పూలు పూయించడం. గార్డత్త అయితే మా గోడ మీదుగానే, నీ చేయి తప్పింది లేమ్మా, బజారు పూలకు ఇప్పుడే చెప్పి పెట్టుకో అని సలహా ఇచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం వంటింట్లో, నేను పోయి నిజం చెప్పేస్తానని అమ్మ మీద ఎగిరాను. అమ్మ రొట్టె తడుతూ తల ఎత్తకుండానే అంది.

"మీ నాయన పేరు పోతే మళ్ళీ రాదు. నా పేరు చెట్లకు పూస్తాది. నోరు మూసుకోని ఉండు."

ఇరవై రెండింటిలో ఏడు చచ్చిపోయాయి. వాటిని పీకేటప్పుడు అమ్మ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూశానని ఆమెకు తెలియనివ్వలేదు. మిగిలిన పదిహేనూ ఇరవై రోజులకు ఎర్రటి చిగుళ్ళు పెట్టాయి. కత్తెర వేసిన నాటి నుంచి పూలకు నలభై అయిదు రోజులు, ఎండను బట్టి ఒక వారం అటూ ఇటూ. అమ్మ గోడమీది క్యాలెండరులో ఏమీ రాయలేదు, కానీ వేళ్ళు మడిచి లెక్కపెడుతూ ఉండేది. మార్చి ఆఖరు రోజుకు నలభై మూడు. చెట్లకు ఆ సంగతి తెలుసో లేదోనని నా దిగులు.

నెల మధ్యకు మొగ్గలు కనిపించాయి. ఆ తర్వాత అమ్మ తోటకు కాపలా కూర్చుంది. ఉగాదికి దేవుడి పటానికి కూడా రోజా పెట్టలేదు, బిళ్ళగన్నేరుతో సరిపెట్టింది. నా జడలో పువ్వు సంగతి సరేసరి. ఒక పసుపు మొగ్గను నేను ఊరికే వంచి వాసన చూస్తే చేతి మీద ఒక్కటి వేసింది.

పూలు రావడం ఒక ఎత్తు, అవి ఇంజను మీద నిలవడం ఇంకో ఎత్తు. పొద్దున కట్టిన పువ్వు ఎండలో ధర్మవరం పోయి సాయంత్రం తిరిగి వచ్చేదాకా ఉండాలి. బండిని ఊరంతా చూసేది సాయంత్రమే. ఈ విషయం అమ్మ మొగ్గలు రాకముందే, ఫిబ్రవరిలోనే నాయనను అడిగింది. తొమ్మిది రోజుల తర్వాత ఆయనతో ఆడిన మొదటి మాటే అది, ఇంజనులో ఎక్కడెక్కడ కాలుతుంది అని. నాయన కూతురి నోటుబుక్కులో, అంటే నా ఫిజిక్సు పుస్తకంలో, ఇంజను బొమ్మ గీసి చూపించాడు. ముందరి గుండ్రటి మూతి దగ్గర ఏ పువ్వూ పది నిమిషాలు ఆగదు. వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరు మాత్రం చల్లగానే ఉంటుంది, దాని నిండా నీళ్ళే కాబట్టి. ఇద్దరూ ఆ బొమ్మ మీద తలలు వంచి కూర్చోవడం చూస్తే నాకు సగం బాధ తీరింది.

ఆ రోజు తెల్లవారకముందే లేచాం. అమ్మ విచ్చిన పువ్వును ఒక్కదాన్ని కూడా కోయలేదు. పైరేకు వదులైన మొగ్గల్నే, పొడుగు కాడలతో, ఏటవాలుగా కోసింది. విచ్చిన పువ్వు పొద్దునకే అందం, మొగ్గ సాయంత్రానికి అందం అని ఆమె లెక్క. నూట నలభైకి పైనే వచ్చాయి. కొన్ని నెలలుగా దాచిన పాలపొడి డబ్బాలకు తీగలు కట్టి, వాటి నిండా నీళ్ళు పోసింది. ఆ రోజు మంచినీళ్ళే పోసింది. చెట్టుకు మంచినీళ్ళు పోయని మా అమ్మ బిందెడు తాగేనీళ్ళు రోజాలకు ఖర్చు పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

షెడ్డులోకి ఆడవాళ్ళు పోయే అలవాటు లేదు. నాయనతో పదేళ్ళుగా బొగ్గు వేస్తున్న ఫైర్‌మన్, నలభై దాటిన మనిషి, ఫోర్‌మన్‌ను అడిగి లోపలికి రమ్మన్నాడు. అమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, నూనె మడుగుల మధ్య నుంచి నడిచింది. మూతికి గన్నేరు దండలు, వాడిపోతాయని తెలిసే వేసింది. పక్క కడ్డీలకు నూరువరహాల గుత్తులు. టెండరు చుట్టూ కమ్మీకి డబ్బాలు, డబ్బాల్లో రోజా మొగ్గలు. షెడ్డు మనుషులు చుట్టూ మూగి, ఇదేమిటమ్మా మొగ్గలు కట్టినారే అన్నారు. అమ్మ సాయంత్రం రాండి అంది.

ఆ పగలు ఎలా గడిచిందో చెప్పలేను. ఎండ పెళపెళలాడింది. అమ్మ అన్నం ముట్టలేదు, రెండుసార్లు వీధిలోకి పోయి ఆకాశం వైపు చూసింది, ఎండను తగ్గమని చెప్పడానికి పోయినట్టు. సాయంత్రం ప్లాట్‌ఫారం నిండా జనం. షెడ్డువాళ్ళు, కాలనీ ఆడవాళ్ళు, గార్డత్త. అమ్మ వెనక వరసలో, ఒక స్తంభం పక్కన నిలబడింది. 

బండి వచ్చింది. మూతి మీద గన్నేర్లు చీపురుపుల్లలయ్యాయి. జనం నుంచి అయ్యో అని ఒక గొణుగుడు. ఆ తర్వాత ఇంజను మమ్మల్ని దాటి ముందుకు జరిగింది, టెండరు మా ఎదురుగా వచ్చి ఆగింది. రోజాలు విచ్చుకున్నాయి. ఎరుపు, పసుపు, లేత ఎరుపు, ఒక్కోటి పిడికిలంత, టెండరు ఈ కొస నుంచి ఆ కొస దాకా. రేకుల మీద బొగ్గునుసి చుక్కలు. ఆ వేడిలో, ఆ పొగలో పన్నీరు రోజా వాసన వచ్చింది. నా జీవితంలో నేను చాలా పూలతోటలు చూశాను, ఉద్యోగరీత్యా పెద్ద ఊళ్ళల్లో పూల ప్రదర్శనలకూ పోయాను. అంత గర్వం నాకు ఇంకెక్కడా కలగలేదు. గార్డత్త జనాన్ని తోసుకుని టెండరు దగ్గరికి పోయింది.

నాయన దిగాడు. దండలు వేశారు, పెద్దవాళ్ళు మాట్లాడారు. ఎన్నేళ్ళు, ఎన్ని మైళ్ళు, ఒక్క ప్రమాదం లేదు అన్నారు. నాలుగు మాటలు చెప్పమంటే నాయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నూనెగుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇక నమస్కారం పెట్టి ఊరుకుంటాడనుకున్నాం.

"అందరూ పూలు బాగుండాయంటాండారు" అన్నాడు. "ఈ చెట్లకు తెగులు పట్టిందని మీకు చెప్పినా. అబద్ధం. బాయిలరు నీళ్ళు పోసి సంపింది నేను. బతికించింది ఆమె. ఆమె చేయి తప్పలేదు. తప్పింది నాది."

జనంలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అందరూ తిరిగి స్తంభం పక్కకు చూశారు. అమ్మ ఎప్పుడూ ఇంతమంది చూపు మీద పడితే కొంగు సర్దుకుని తల దించుకునే మనిషి. ఆ రోజు దించుకోలేదు. అలాగే నిలబడింది, నేరుగా నాయన వైపు చూస్తూ.

ఇంటికి ముగ్గురం నడిచి వచ్చాం. సగం దారిలో అమ్మ అంది, ఎవరికీ తెలియని దాన్ని అంతమంది ముందర ఎందుకు చెప్పినావని. కోపంగానే అంది, కానీ ఆ కోపంలో పస లేదు.

"డ్యూటీ దిగేటప్పుడు ఇంజనులో ఏం తప్పుండాదో బుక్కులో రాసి సంతకం పెట్టాల డ్రైవరు" అన్నాడు నాయన. "రాయకుండా ఏపొద్దూ దిగలేదు నేను. ఈపొద్దు ఎట్ల దిగేది?"

అమ్మ గేటు తీసి పట్టుకుని, ఆయన్ను ముందు పోనిచ్చింది.

"సరే, సంతకమైంది గదా" అంది. "కాళ్ళు కడుక్కో పో, అన్నం పెడతా."